రెండు కార్బొరేటర్లు పెడితే బలం రెండింతలు కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల మీద వచ్చిన వ్యాసం మా షెడ్డులో చేతులు మారి మారి నలిగిపోయింది. ఫొటోలు బాగున్నాయి. కానీ చివరి పేరాలో అంబాసిడర్ ఇంజిన్‌కి రెండు కార్బొరేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి అందించేవి) బిగిస్తే బలం రెండింతలవుతుందనీ, వెనక సైలెన్సర్ కోసేసి తిన్నగా గొట్టం వేస్తే చాలనీ, ఇదంతా ఒక పూట పని అనీ రాశారు. మూడూ తప్పే. ఆ మాట నమ్మి తాతగారి కారు తోలుకొచ్చి "ఒక పూటలో చేసేయండి" అనేవాళ్లు రేపటి నుంచి తయారవుతారు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిక పట్టండి.

ముందు బలం లెక్క చూద్దాం. అంబాసిడర్‌లో ఎన్నో ఏళ్లు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ బ్రిటన్‌లోని బీఎంసీ వాళ్ల బీ-సిరీస్. అక్కడ ఇదే ఇంజిన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక్క కార్బొరేటర్‌తో 50 నుంచి 55 హార్స్‌పవర్ ఇచ్చేది. 1953లో వచ్చిన ఎంజీ మాగ్నెట్ జడ్‌ఏ కారులో దీనికే రెండు ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లు పెట్టారు, ఒక్కొక్కటి ఒకటింపావు అంగుళం బోరు, అంటే లోపలి రంధ్రం వెడల్పు. అప్పుడు 60 వచ్చింది. తర్వాతి జడ్‌బీ మోడల్‌లో ఒకటిన్నర అంగుళం కార్బొరేటర్లు పెట్టి, కంప్రెషన్‌ని (సిలిండర్‌లో పెట్రోలు-గాలి మిశ్రమం ఎన్నో వంతుకి నొక్కుకుంటుందో ఆ లెక్క) 7.15 నుంచి 8.3కి పెంచితే 68 అయింది. 1955 నాటి ఎంజీఏ స్పోర్ట్స్ కారులో మొదట 68, తర్వాత 72. ఇంజిన్ తయారుచేసిన కంపెనీయే హెడ్డు (సిలిండర్ల మీది దిమ్మ), కంప్రెషన్, సైలెన్సర్ అన్నీ మార్చి చేరిన చోటు అది. కార్బొరేటర్ల వంతుగా దక్కింది మొదట్లో ఆ ఐదు నుంచి పది హార్స్‌పవరే. రెండింతలు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎందుకు రాదో హెడ్డు విప్పి చూస్తే అర్థమవుతుంది. బీ-సిరీస్ హెడ్డులో నాలుగు సిలిండర్లకు నాలుగు ఇన్‌లెట్ దారులు (పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చేవి) ఉండవు, రెండే ఉంటాయి. 1, 2 సిలిండర్లకు కలిపి ఒకటి, 3, 4 సిలిండర్లకు కలిపి ఒకటి. పొగ వైపు మూడు: 1కి విడిగా, 4కి విడిగా, మధ్యలో 2, 3లకు ఉమ్మడిగా. ఈ ఐదు రంధ్రాలూ ఇంజిన్‌కి ఒకే పక్క, ఎడమ వైపున ఉంటాయి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-3-4-2. అంటే 2 పీల్చుకున్న వెంటనే 1 పీల్చుకుంటుంది, 3 పీల్చుకున్న వెంటనే 4 పీల్చుకుంటుంది. ముందు కార్బొరేటర్ వరసగా రెండు గుక్కలు ఇచ్చి, క్రాంక్ (ఇంజిన్ ఇరుసు) ఒక చుట్టు తిరిగేదాకా ఖాళీగా కూర్చుంటుంది. ఆ చుట్టులో వెనకది పనిచేస్తుంది. ఏ క్షణంలోనైనా పీల్చే సిలిండర్‌కి అందుబాటులో ఉండేది దాదాపు ఒక్క కార్బొరేటరే. కొత్తగా దక్కేదల్లా దగ్గరి దారి. పాత మానిఫోల్డ్‌లో (కార్బొరేటర్ నుంచి హెడ్డుకి పోయే గొట్టాల పోతలో) మధ్యలో పుట్టిన పెట్రోలు తడి రెండు కొసలకూ వంకరగా పాకాలి. ఇప్పుడు తిన్నగా, నాలుగంగుళాల్లో వాల్వు దగ్గరికి చేరుతుంది. పికప్ బాగుపడుతుంది, పై స్పీడులో ఇంజిన్ ఊపిరాడనట్టు గింజుకోవడం తగ్గుతుంది. ఇంకొక మాట: రెండు కార్బొరేటర్ల మానిఫోల్డ్‌కి మధ్యలో అడ్డంగా బ్యాలెన్సు గొట్టం ఉంటుంది. దాన్ని అనవసరం అనుకుని మూసి వెల్డింగ్ చేసినవాళ్లున్నారు. అది మూస్తే స్లో స్పీడు కుదురుగా నిలబడదు, ఎంత తిప్పినా రెండిటి సెట్టింగ్ కలవదు.

సైజు సంగతి. ఎస్‌యూ కార్బొరేటర్ పేరులోనే బోరు దాక్కుంది. వడ్రంగం పనివాళ్లకు ఇట్టే తెలుస్తుంది. అంగుళానికి ఎనిమిది నూళ్లు గదా, పేరు చివరి అంకె అంగుళం మీద ఎన్ని నూళ్లో చెబుతుంది. హెచ్‌ఎస్2 అంటే అంగుళం రెండు నూళ్లు, అంటే ఒకటింపావు. హెచ్‌ఎస్4 అంటే అంగుళం నాలుగు నూళ్లు, ఒకటిన్నర. హెచ్‌ఎస్6 అంటే ఒకటి ముప్పావు. కంప్రెషన్ ముట్టుకోకుండా, కామ్ షాఫ్ట్ మార్చకుండా, ఊళ్లో తిరగడానికి కారు కావాలంటే హెచ్‌ఎస్2 జత చాలు. పేరు మోజుతో హెచ్‌ఎస్4 పెడితే కింది స్పీడులో గాలి వేగం చాలక యాక్సిలరేటర్ తొక్కగానే మందంగా లేస్తుంది. హెడ్డు ఫేసింగ్ చేయించి (అడుగు చెక్కించి) కంప్రెషన్ ఎనిమిది దాటించేవాళ్లకే హెచ్‌ఎస్4. హెచ్‌ఎస్6 ఈ ఇంజిన్‌కి వద్దే వద్దు, ఎవరు ఉచితంగా ఇచ్చినా సరే.

ఇప్పుడు దొరికేవన్నీ ఎక్కువగా వాడేసినవే గనక కొనేముందు చూడాల్సినవి కొన్నున్నాయి. ఆ జత అద్దంలో బొమ్మలా ఎదురుబొదురుగా ఉండాలి. ముందుదానికీ వెనకదానికీ ఫ్లోట్ గిన్నె (పెట్రోలు నిలవ ఉండేది), చోక్ లివర్ వేరే వేరే పక్కల ఉంటాయి. ఒకే చేతి వాటం ఉన్నవి రెండు కొనుక్కొచ్చి లింకేజీ కుదరక తల పట్టుకోవడం మామూలు. తర్వాత థ్రాటిల్ స్పిండిల్‌ని (యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారి తెరిచే రేకు ఇరుసుని) కొస పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. చేతికి లూజు తెలిసిందంటే అక్కడి నుంచి గాలి దొంగతనంగా లోపలికి పోతుంది. కొత్త స్పిండిల్ వేసి, కావాలంటే బాడీకి లేత్ మీద బుష్ దింపాలి. అది చేయకుండా మిగతా సెట్టింగ్ అంతా వృథా. థ్రాటిల్ రేకులో చిన్న స్ప్రింగ్ వాల్వు ఉన్న రకం అయితే ఆ రేకు తీసేసి ఉత్త రేకు వేయండి, లేదా వాల్వుని టంకం పెట్టి మూయండి. అది అరిగి తెరుచుకుంటే స్లో దిగదు.

పైన గంటలాంటి మూత, దానిలోపలి పిస్టన్ పుట్టుకతో జతలు. ముందుదాని పిస్టన్ వెనకదాని మూతలో వేయకూడదు. కడిగేటప్పుడు ఒక్కొక్కటి విడి పళ్లెంలో పెట్టుకోవాలి. ఎమ్రీ కాగితం దగ్గరికి రానివ్వకండి, పెట్రోలులో ముంచిన మెత్తటి గుడ్డ చాలు. మూతని తలకిందులు చేసి, పిస్టన్ అడుగునున్న రంధ్రాలు వేళ్లతో మూసి, మూత దానంతటదే జారేలా వదిలితే హెచ్‌ఎస్4కి 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. టక్కున పడిపోతే అరిగిపోయిందని, మధ్యలో ఆగితే మురికి గానీ సొట్ట గానీ ఉందని అర్థం. స్ప్రింగ్‌కి రంగు గుర్తు ఉంటుంది: నీలం 2.5 ఔన్సులు, ఎరుపు 4.5, పసుపు 8, ఆకుపచ్చ 12. రెండిటిలోనూ ఒకే రంగు ఉండాలి. ఒకదానిలో నీలం, ఇంకోదానిలో ఎరుపు వేసి నెలల తరబడి ట్యూనింగ్ చేస్తూ కూర్చునే వాళ్ల బాధ పగవాడికి కూడా వద్దు.

అన్నిటికంటే ఎక్కువ కార్లు పాడయ్యేది కార్బొరేటర్ దగ్గర కాదు, మానిఫోల్డ్ బిగింపు దగ్గర. వ్యాసంలో దీని ఊసే లేదు. బీ-సిరీస్‌లో ఇన్‌లెట్ మానిఫోల్డ్‌నీ ఎగ్జాస్ట్ (పొగ) మానిఫోల్డ్‌నీ ఒకే ప్యాకింగ్ మీద, పక్కపక్కన కూర్చోబెడతారు. మధ్యనున్న స్టడ్లకు మందపాటి పెద్ద వాషర్ వేస్తారు. ఆ వాషర్ సగం ఇన్‌లెట్ చెవి (బిగించే అంచు) మీద, సగం ఎగ్జాస్ట్ చెవి మీద కూర్చుని రెండిటినీ ఒకేసారి నొక్కుతుంది. కాబట్టి రెండు చెవుల మందం సమానంగా ఉండాలి. కొత్త అల్యూమినియం ఇన్‌లెట్ చెవి 12 మిల్లీమీటర్లు ఉండి, బయట వెల్డింగ్ చేయించిన గొట్టాల మానిఫోల్డ్ చెవి 10 మిల్లీమీటర్లే ఉంటే నట్టు ఎంత బిగించినా బలమంతా ఇన్‌లెట్ మీదే పడుతుంది. ఎగ్జాస్ట్ టపటపమని కొడుతుంది, ప్యాకింగ్ కాలిపోతుంది. ఉల్టా అయితే ఇంకా ప్రమాదం. ఇన్‌లెట్ వదులై గాలి పీల్చి, ఆ సిలిండర్లలో మిశ్రమం పలచబడి, వాల్వులు కాలతాయి. అందుకని రెండు మానిఫోల్డ్‌లనూ పక్కపక్కన ఒక సమతలం మీద పెట్టి వెర్నియర్‌తో చెవుల మందం కొలవండి. తేడా ఉంటే మందంగా ఉన్నదాన్ని మిల్లింగ్ చేయించండి, లేకపోతే మెట్టు ఉన్న వాషర్లు లేత్ మీద చేయించండి. వాషర్ కింద రేకు ముక్క పెట్టి సర్దే పని రెండో వర్షాకాలం దాకా నిలబడదు.

నట్లు ఇత్తడివి, పొడుగాటివి వాడాలి. ఇనుప నట్టు వేడికి స్టడ్డుని పట్టేసి తర్వాతసారి స్టడ్డు విరిగి వస్తుంది. మధ్య నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, సుమారు 15 పౌండ్-అడుగుల బిగువు చాలు. ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించాలి. ప్యాకింగ్ రంధ్రాలు హెడ్డు రంధ్రాల కన్నా చిన్నవిగా ఉంటే అంచు లోపలికి పొడుచుకొచ్చి గాలికి అడ్డం పడుతుంది. బిగించే ముందే ప్యాకింగ్‌ని హెడ్డు మీద పెట్టి చూసుకుని, పొడుచుకొచ్చిన అంచు కత్తిరించాలి. మానిఫోల్డ్ నోరూ హెడ్డు నోరూ కూడా అలాగే కలవాలి.

ఇక సైలెన్సర్. తిన్నగా గొట్టం వేస్తే చాలు అన్న వాక్యం రాసినవాళ్లకి ఆ శబ్దం పక్కన ఒక గంట కూర్చున్న అనుభవం లేదనుకుంటాం. అసలు పని వెనక డబ్బా దగ్గర కాదు, ముందు గొట్టాల దగ్గర జరగాలి. 2, 3 సిలిండర్ల పొగ హెడ్డు లోపలే కలిసిపోయింది. ఆ రెండూ క్రాంక్ ఒక పూర్తి చుట్టు తేడాతో పేలతాయి గనక ఒకదానికొకటి అడ్డం రావు. 1, 4 కూడా సరిగ్గా అంతే తేడాతో పేలతాయి. అందుచేత ముందు 1, 4 గొట్టాలను ఒకటిగా కలిపి, మధ్య గొట్టాన్ని విడిగా పొడుగ్గా కిందికి తెచ్చి, ఆ రెండూ గేర్‌బాక్స్ పక్కన కలవాలి. మినీ, మోరిస్ మైనర్ల ఏ-సిరీస్ ఇంజిన్లకూ ఇదే పద్ధతి. ఇక్కడ ఎక్కువగా కనిపించేది మాత్రం మూడు గొట్టాలనూ హెడ్డుకి ఆరంగుళాల దూరంలో ఒక డబ్బాలోకి కుక్కడం, లేదా 1ని మధ్యదానికి దగ్గర్లో అతికించి తర్వాత 4ని కలపడం. అప్పుడు ఒక సిలిండర్ పొగ ఇంకా ఖాళీ అవుతుండగానే పక్కదాని పేలుడు గొట్టంలోకి వచ్చి ఎదురు తోస్తుంది. ఖర్చు పెట్టి పాత పోత ఇనుప మానిఫోల్డ్ కంటే హీనమైనది చేయించుకున్నట్టే.

గొట్టాల మానిఫోల్డ్ చేసేవాళ్లకు ఒక మాట. చెవి పలకను గాలిలో పట్టుకుని వెల్డింగ్ చేయకండి, అది వంకరపోతుంది. పనికిరాని పాత హెడ్డుకి బిగించి, అలాగే చల్లారనిచ్చి, తర్వాత ఫేసింగ్ చేయించాలి. ఫేసింగ్‌లో పలక మందం తగ్గుతుంది గనక ఇన్‌లెట్ చెవితో సమానం కావాలంటే మొదటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తీసుకోవాలి. కలిసిన తర్వాత వెనక్కి పోయే గొట్టం ఒకటి ముప్పావు అంగుళం చాలు. రెండంగుళాలు దాటితే మోత తప్ప లాభం లేదు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద అటూ ఇటూ ఊగుతుంది, బాడీ ఊగదు. కాబట్టి మొదటి క్లాంపు గేర్‌బాక్స్‌కి పెట్టాలి, అక్కడి నుంచి వెనక్కి అన్నీ రబ్బరు హ్యాంగర్లే ఉండాలి. మొదటి క్లాంపు ఛాసిస్‌కి బిగిస్తే కూడలి దగ్గర పగులు ఖాయం. వేడి తగ్గాలని గొట్టాలకు గుడ్డ పట్టీ చుట్టే అలవాటు ఒకటి వచ్చింది. మామూలు ఇనుప గొట్టానికి అది వద్దు. వానాకాలం తడి పట్టి, లోపల తెలియకుండా తుప్పు తినేస్తుంది.

పట్టీకి బదులు రేకు కవచం పెట్టాలి. ఎందుకంటే ఈ ఇంజిన్‌లో కార్బొరేటర్లు సరిగ్గా పొగ గొట్టాల నెత్తిన కూర్చుంటాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో సిగ్నల్ దగ్గర అయిదు నిమిషాలు ఆగితే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరుగుతుంది, బండి ఆగిపోతుంది, సెల్ఫ్ కొట్టినా లేవదు. అందుకే మానిఫోల్డ్‌కి కార్బొరేటర్‌కి మధ్య వరస తప్పకూడదు: మానిఫోల్డ్, ప్యాకింగ్, మందపాటి ఫైబర్ దిమ్మ, ప్యాకింగ్, వేడి కవచం, ప్యాకింగ్, ఆ తర్వాత కార్బొరేటర్. మొత్తం ఒక్కో కార్బొరేటర్‌కి మూడు ప్యాకింగులు. ఒకటి మర్చిపోతే గాలి లీకు. ఫ్లోట్ గిన్నె నిలువుగా ఉండాలి. మానిఫోల్డ్ వాలుని బట్టి గిన్నె కింద వాలు అడాప్టర్ సరిపోయేది వేసుకోవాలి. గిన్నె మూత నుంచి వచ్చే ఓవర్‌ఫ్లో గొట్టాన్ని పొగ గొట్టానికి దూరంగా, ఛాసిస్ కిందిదాకా తప్పకుండా దింపండి. అది వదిలేస్తే ఫ్లోట్ సూది (గిన్నె నిండితే పెట్రోలు ఆపేది) ఇరుక్కున్న రోజున పెట్రోలు ఎర్రగా కాలిన మానిఫోల్డ్ మీద పడుతుంది. ఆ పైన ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పెట్రోలు పంపు గురించి కొంచెమే. ఇంజిన్‌కి ఉన్న పాత మెకానికల్ పంపు బాగుంటే అదే చాలు. కొత్త కార్లకు వాడే ఎలక్ట్రిక్ పంపు పెడితే ఒత్తిడి ఎక్కువై ఫ్లోట్ సూదిని తోసుకుని పొంగుతుంది. ఎస్‌యూ సూదికి 3 పీఎస్ఐ దాటనివ్వకండి, రెగ్యులేటర్ పెట్టండి. హెచ్‌ఎస్ రకంలో ఫ్లోట్ ఎత్తు చూడాలంటే మూత తలకిందులు చేసి, ఫ్లోట్‌కీ మూత అంచుకీ మధ్య ఒక నూలు మందం కమ్మీ, అంటే 3 మిల్లీమీటర్ల పైచిలుకు, దూరేలా పెట్టుకోవాలి.

లింకేజీలో రెండు సంగతులు. రెండు థ్రాటిళ్లూ ఒకే క్షణంలో తెరుచుకోవాలి. మధ్య ఇరుసు మీద పిన్నులు కార్బొరేటర్ ఫోర్కుల్లో కూర్చుంటాయి. పిన్నుకీ ఫోర్కు కింది అంచుకీ మధ్య రెండు చోట్లా 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఖాళీ ఫీలర్ గేజ్‌తో పెట్టి బిగించాలి. ఖాళీ లేకపోతే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే ఒక కార్బొరేటర్ ముందు లాగుతుంది, రెండోది ఈడ్చుకుంటూ వస్తుంది. చోక్ కేబుల్ ఒకటే అయినా జెట్లు (పెట్రోలు పైకి వచ్చే సన్న గొట్టాలు) రెండు. చోక్ లోపలికి నొక్కాక రెండు జెట్లూ పైకి పూర్తిగా వచ్చి ఆనాలి. చేత్తో తోసి చూడండి. ఒకటి అర మిల్లీమీటరు కిందే ఆగినా ఆ రెండు సిలిండర్ల ప్లగ్గులు మసి పడతాయి, మైలేజీ పడిపోతుంది, తప్పు మాత్రం కార్బొరేటర్ మీదికి పోతుంది. రిటర్న్ స్ప్రింగ్ ప్రతి స్పిండిల్‌కీ విడిగా ఉండాలి.

ఇక సెట్టింగ్. ప్లగ్గులు, పాయింట్లు, టాపెట్లు, టైమింగ్ అన్నీ సరిచేశాకే కార్బొరేటర్ ముట్టుకోవాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పైనున్న మూత తీసి, పిస్టన్‌కి వేలాడుతూ జెట్టులోకి దిగే సూది భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉందో లేదో చూడండి. పిస్టన్‌ని ఎత్తి వదిలితే టక్‌మని లోహం శబ్దంతో కూర్చోవాలి. మెత్తగా దిగితే సూది జెట్టుకి రాసుకుంటోంది. జెట్టు కింది నట్టు వదులు చేసి నడిమికి తెచ్చుకోవాలి. తర్వాత కింది నట్టు తిప్పి రెండు జెట్లనూ లోపలి గట్టుతో సమం చేసి, అక్కడి నుంచి కిందికి రెండు చుట్లు, అంటే నట్టు ముఖాల లెక్కన 12, దింపండి. ఇది మొదలుపెట్టే చోటు. పైన మూతలో 20 నంబరు పలచటి ఆయిల్ పోసి డ్యాంపర్ (పిస్టన్ ఎగిరిపడకుండా ఆపే కడ్డీ) బిగించండి. ఖాళీగా వదిలేస్తే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా మిశ్రమం పలచబడి కార్బొరేటర్ నోట్లోంచి దగ్గు వస్తుంది.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండిటినీ కలిపే థ్రాటిల్, చోక్ క్లాంపులు వదులు చేయండి. మూరెడు పొడుగు ఉన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస ఒక్కో కార్బొరేటర్ నోటి దగ్గర ఒకే లోతులో పెట్టి బుస వినండి. రెండూ ఒకే బుస వచ్చేదాకా థ్రాటిల్ స్క్రూలు సరిచేయాలి. గాలి కొలిచే మీటరు ఉంటే సరే, లేకపోయినా చెవి చాలు. తర్వాత ముందుదాని పిస్టన్‌ని కింది పిన్నుతో సన్నగా, ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ, పైకెత్తండి. ఇంజిన్ స్పీడు పెరిగి అలాగే ఉంటే మిశ్రమం చిక్కగా ఉంది, ఆ నట్టుని ఒక ముఖం పైకి తిప్పాలి. వెంటనే పడిపోతే పలచన, కిందికి తిప్పాలి. ఒక క్షణం కొద్దిగా లేచి మళ్లీ కుదురుకుంటే సరిగ్గా ఉంది. అదే పని వెనకదానికి. బ్యాలెన్సు గొట్టం వల్ల ఒకటి ముట్టుకుంటే రెండోది కదులుతుంది గనక మళ్లీ మొదటికి రావాలి. రెండు మూడు చుట్లు తప్పవు. ఒకటి రెండు ముఖాల తేడాతో రెండూ కుదిరితే మంచిదే. ఒకటి 12 దగ్గర, ఇంకోటి 20 దగ్గర కుదిరిందంటే ఎక్కడో గాలి లీకు ఉంది, మానిఫోల్డ్ చెవుల దగ్గరికి తిరిగి వెళ్లండి.

స్లోలో సరిపోయింది కదా అని సంబరపడకండి. నట్టు తిప్పితే అన్ని స్పీడుల్లోనూ ఒకేసారి చిక్కబడుతుంది లేదా పలచబడుతుంది. ఒక్క స్పీడులో తేడా వస్తే సూది మార్చాలి. ఎస్‌యూ సూదుల పట్టికలో ప్రతి నూలుకీ సూది మందం ఇస్తారు, ఏ చోట సన్నబడాలో చూసి ఎంచుకోవచ్చు. ఒకటిన్నర అంగుళం కార్బొరేటర్లతో 1489 సీసీ ఎంజీఏకి కంపెనీ వేసింది జీఎస్ అనే సూది. హెచ్‌ఎస్4లు ఉన్న 1798 సీసీ ఎంజీబీకి మామూలుగా 5 నంబరు, చిక్కగా కావాలంటే 6, పలచగా కావాలంటే 21. ఈ పేర్లు మొదలుపెట్టడానికే, తీర్పు ప్లగ్గులదే. హైవే మీద మూడు నాలుగు కిలోమీటర్లు ఒకే స్పీడులో బరువుగా లాగించి, క్లచ్ నొక్కి, అదే క్షణం ఇంజిన్ ఆపేసి పక్కకు తీసి, చల్లారాక ప్లగ్గులు చూడండి. షెడ్డులో అరగంట స్లోలో ఆడించి తీసిన ప్లగ్గు మసి చూపించి "చిక్కగా ఉంది" అంటే అది ఏమీ చెప్పనట్టే. 1, 4 ప్లగ్గులకూ 2, 3 ప్లగ్గులకూ రంగులో కొద్దిపాటి తేడా ఉంటే కంగారు పడొద్దు. ఉమ్మడి ఇన్‌లెట్ దారుల ఇంజిన్‌కి అది పుట్టుకతో వచ్చిన గుణం.

ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు దీనిలో కొత్త చిక్కు. ఉత్త పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, దీనికి సుమారు 13.5 చాలు. అంటే పాత పుస్తకాల సెట్టింగ్ పెడితే ఇంజిన్ పలచగా నడుస్తుంది, వేడెక్కుతుంది, రోడ్డు మీద తగ్గి తగ్గి లాగుతుంది. నట్టు కొద్ది ముఖాలు కిందికి దిగాల్సి రావడం, ఒక మెట్టు చిక్కటి సూది వేయాల్సి రావడం అందుకే. హెచ్4 లాంటి పాత రకాల్లో జెట్టు చుట్టూ బెండు సీళ్లు ఉంటాయి. అవి నానబెట్టి వేయకపోతే కారతాయి, వేసినా బండి నెలల తరబడి నిలిపితే ఎండి కారతాయి. ఇథనాల్‌కి చెడకుండా ఫ్లోట్ సూదికి వైటాన్ రబ్బరు కొస ఉన్నది, గొట్టాలకు ఆర్9 ముద్ర ఉన్నది తీసుకోండి. ఎప్పుడో ఓసారి తీసే కారు అయితే నిలిపేముందు గిన్నెలు ఖాళీ చేయడం మేలు. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, ఆ తేమకి గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది.

వ్యాసంలో లేని ఇంకో సంగతి, రిజిస్ట్రేషన్. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారుకి వింటేజ్ నంబరు, పలక మీద వీఏ అక్షరాలతో, తీసుకోవచ్చు. కొత్తగా అయితే 20,000 రూపాయలు, మళ్లీ పొడిగించుకోవడానికి 5,000. కానీ కారు అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు అని అందులోనే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చే మార్పులను ఒప్పుకోదు. సైలెన్సర్ లేకుండా తిరగడం ఎలాగూ నిబంధనలకు విరుద్ధమే. అందుచేత ఆ నంబరు కోసం ఆశపడేవాళ్లు ఈ పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. చేయించుకున్నా పాత మానిఫోల్డ్, పాత కార్బొరేటర్, ఎయిర్ క్లీనర్, కేబుల్, పాత స్టడ్లతో సహా ఆయిల్ రాసి, సంచిలో కట్టి దాచాలి. బాడీకి కొత్త రంధ్రం ఒక్కటి కూడా పెట్టకుండా, ఎప్పుడైనా విప్పి వెనక్కి పెట్టేలా చేయడం ఈ ఇంజిన్‌లో కుదురుతుంది. మన స్టీరింగ్ కుడివైపు, కార్బొరేటర్లు ఎడమవైపు గనక చోటుకి పెద్ద ఇబ్బంది లేదు. అయినా బానెట్ మూసేముందు ముందరి ఎయిర్ ఫిల్టర్‌కీ లోపలి మడ్‌గార్డ్ రేకుకీ మధ్య వేలు దూరుతుందో లేదో చూసుకోవాలి.

సమయం గురించి కూడా రాసేస్తాం. చెవుల మందం సరిచేయడం, స్పిండిల్ బుష్‌లు, గొట్టాల వెల్డింగ్, ఫేసింగ్ అన్నీ కలిపి లేత్ పనే మూడు నాలుగు రోజులు. బిగింపు ఒక రోజు. సెట్టింగ్‌కి ఒక పూట, రోడ్డు మీద చూసి సూదులు మార్చడానికి ఇంకో రెండు మూడు రోజులు. సూది మన దగ్గర లేకపోతే అది వచ్చేదాకా ఆగాలి.

కాబట్టి వచ్చే ఆదివారం సంచికలో "బలం రెండింతలు" అన్నచోట "సుమారు ఐదు నుంచి పది హార్స్‌పవర్" అనీ, "ఒక పూట" అన్నచోట "వారం పైన" అనీ సవరణ వేయగలరు. సైలెన్సర్ కోసేయమన్న వాక్యాన్ని మాత్రం పూర్తిగా తీసేయండి, దానికి సవరణ కుదరదు.

ఇట్లు,
పాత కార్ల మెకానిక్కులు,
ఆటోనగర్, విజయవాడ.